డెబ్బై ఒక్క బైట్లు

మా పెర్కిట్‌లో నేను చేసే పని ఏమిటో సరిగ్గా తెలిసినవాళ్ళు లేరు. పగలు ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తానని అందరికీ తెలుసు. అది ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరూ అడగని, ఎవరూ జీతమివ్వని ఇంకో పని చేస్తుంటాను. దాని గురించి ఎవరైనా అడిగితే మా అమ్మ "ఏందో టైపు కొడ్తడు" అని చెప్తుంది. నేను చెప్పే వివరణ కంటే అదే నయం, వినేవాళ్ళు మధ్యలో లేచిపోరు.

ఆ పని ఇది. ఫైళ్ళకు తాళం వేసే లైబ్రరీ, అంటే సిద్ధంగా రాసిపెట్టిన ప్రోగ్రాంల కట్ట, ఒకటి ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూసుకోవచ్చు. చాలా గట్టిది. కాకపోతే సి భాషలో రాశారు. ఇప్పుడు ఎక్కువమంది రాసేది పైథాన్‌లో. పైథాన్‌లో చెప్పింది సి కి నేరుగా ఎక్కదు, మధ్యలో ఒక దుబాసి కావాలి. ఆ దుబాసిని బైండింగ్ అంటారు. దాన్ని రాసింది నేను. తాళం నాది కాదు, తాళంచెవి నాది కాదు. చెవిని ఇటు నుంచి అటు అందించే చెయ్యి మాత్రం నాది. మధ్యలో జారవిడవకపోతే చాలు. ఆరేళ్ళుగా జారవిడవలేదనే అనుకుంటూ వచ్చాను.

మా గల్లీలో మూడిళ్ళ అవతల ఒక అక్క ఉంటుంది. చుట్టం కాదు గానీ చిన్నప్పటి నుంచీ అక్కే. బీడీలు చుడుతుంది. ఇంటర్ దాకా చదివింది కాబట్టి ఈ చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలో ఏ కాగితం వచ్చినా ముందు ఆమె దగ్గరికే వస్తుంది. ఆమె భర్త, నాకు బావ, రెండేళ్ళ కిందట పోయాడు. ఆఫీసులో సామాన్లు చూసుకునే పని అని చెప్పి తీసుకుపోయిన ఏజెంటు, అక్కడ ఎండలో ఇనుప చువ్వలు మోసే పనిలో దించాడు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో పెట్టి బీగం వేశారు. ఆ బీగంలో ఏ లోపమూ లేదు.

బావతో పాటు అలా పోయినవాళ్ళు ఇంకో నలుగురున్నారు, మన జక్రాన్‌పల్లి, వేల్పూర్ దిక్కువాళ్ళు. ఐదుగురూ ఒక ఆలోచన చేశారు. అక్కడ శుక్రవారం ఒక్కరోజే క్యాంపు గేటు తెరిచి బజారుకు వదులుతారు. అలాంటి ఒక శుక్రవారం చూసుకుని అందరూ కలిసి, ముందే మాట్లాడుకున్న ఒక వ్యానులో, మన ఎంబసీవాళ్ళ ఆశ్రయానికి చేరాలి. దారిలో ఫోన్లు గుంజుకున్నా సాక్ష్యం మిగలాలని, ఏజెంటు ఏం చెప్పాడో, ఏం చేశాడో, ఎవరిని ఎవరు కొట్టారో తమ గొంతులతో చెప్పి అక్కకు ముందే పంపించారు. వాళ్ళు గేటు దాటేదాకా ఆ ఐదు గొంతులు ఏజెంటు చెవిన పడకూడదు. ఇంతకుముందు నోరు తెరిచిన ఒకాయనను ఎడారిలో ఎక్కడో వేరే సైటుకు పంపి, మూడు నెలలు ఫోన్ లేకుండా ఉంచారు. ఆ మూడు నెలలూ వాళ్ళావిడ వచ్చి అక్క గడప మీదే కూర్చుంది. అందుకే అక్క నా దగ్గరికి వచ్చింది.

"తమ్మి, నువ్వు తాళాల పని చేస్తవట గదా."

"ఎవలు చెప్పిండ్రక్కా?"

"మీ అమ్మనే. ఏందో టైపు కొడ్తడు, తాళాలేస్తడు అన్నది. నాగ్గూడ ఒకటియ్యి."

ఇచ్చాను. నా బైండింగ్ మీద ఒక చిన్న ప్రోగ్రాం రాసి, నా పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌తో సహా ఇచ్చాను. నా పని మా గల్లీలో ఒకరికి పనికిరావడం అదే మొదటిసారి కాబట్టి కొంచెం పొంగిపోయాను కూడా. పొంగిపోయి ఒక మాట అన్నాను. "దీన్ని నడిబజార్ల పెట్టినా ఎవ్వడు తెరవలేడక్కా." ఆ మాట నాకు బాగా గుర్తుండడానికి కారణం ఉంది.

సలహా కూడా ఇచ్చాను. పాస్‌వర్డ్ చిన్న మాట పెట్టొద్దు, పొడుగాటి వాక్యం పెట్టు, తెలుగులో పెట్టు, నాకు మాత్రం చెప్పొద్దు అన్నాను. ఆమె అక్కడే, వాకిట్లో, పక్కింటివాళ్ళు కూడా వినేటట్టు చదివేసింది.

"నాకు చెప్పద్దన్న గదక్కా!"

"నీకు చెప్పకపోతె ఎవలికి చెప్పాలె? రేపు నేను మర్చిపోతె?"

దీనికి జవాబు పాఠ్యపుస్తకాల్లో లేదు. ఆ వాక్యం ఇప్పుడు దేనికీ పనికిరాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: "శ్రీ లక్ష్మీ నరసింహస్వామి ప్రసన్నం మా ఆయన పైలంగ ఇల్లు చేరాలె". దాని వెనక ఆమె ఫోన్ నంబరు, పది అంకెలు. మా దిక్కు ఏ కాగితమూ పైన దేవుని పేరు లేకుండా మొదలుకాదు. పసుపు అడ్తి చిట్టీ గానీ, కిరాణా కొట్టు బిల్లు గానీ, పెండ్లి కార్డు గానీ, పైన లింబాద్రి గుట్ట నరసింహస్వామి ఉండాల్సిందే. తాళం విషయంలో మాత్రం ఆయన్ను ఎందుకు వదిలిపెడుతుంది?  దేవుని పేరు అందరికీ తెలిసినా వెనకాల ఉన్న మాటలు ఎవరికి తెలుస్తాయిలే అనుకున్నాను. లెక్క ప్రకారం అది సరైన ఆలోచనే.

ఒక బుధవారం కాలేజీ నుంచి వస్తుంటే అక్క వాకిట్లో నుంచే కేకేసింది. చాట ఒళ్ళో ఉంది, చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి.

"తమ్మి, నీ తాళం శాన మంచిది. తప్పు కొట్టినా ఏమనదు."

నవ్వాను. తర్వాత నవ్వడం ఆపాను. "తప్పంటే ఏం కొట్టినవక్కా?"

"మొన్న సిమ్ము మార్చిన గదా. పాత నంబరు కొట్టాలె, అలవాట్ల కొత్త నంబరు కొట్టిన. అయినా తెరుసుకున్నది. తర్వాత సూస్తె యాదికొచ్చింది. మంచిదే లే, ముసలితనంల గింత జాలి ఉండాలె తాళానికి."

ఆమెకు నలభై కూడా లేవు. తాళానికి జాలి ఉండకూడదు. బ్యాగు అరుగు మీద పడేసి ల్యాప్‌టాప్ తెరిచాను. వాక్యం అంతా కొట్టి చివర్లో నంబరుకు బదులు పది సున్నాలు కొట్టాను. తెరుచుకుంది. పది తొమ్మిదులు కొట్టాను. తెరుచుకుంది. తొమ్మిది తొమ్మిదులు కొడితే తెరుచుకోలేదు. అంటే తాళం ఎన్ని కొట్టానో చూస్తోంది, ఏం కొట్టానో చూడట్లేదు.  లోపం లైబ్రరీలో ఉంటే ప్రపంచానికి కష్టం. అది చూసేవాళ్ళు వందమంది ఉన్నారు, కాబట్టి అందులో ఉండదు. బైండింగ్‌లో ఉంటే నాకు కష్టం. అది చూసేవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఏమైంది తమ్మి, మొకం గట్లయింది?"

"ఏం లేదక్కా. జర ఇంటికి పోయొస్త."

ఇంట్లో ఆ లైను వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పైథాన్ నుంచి పాస్‌వర్డ్ అందుకుని సి కి ఇచ్చేటప్పుడు, ఇది ఎంత పొడుగో కూడా చెప్పాలి. సి అడిగేది బైట్లలో, అంటే మెషీన్ లోపలి చిన్న గదుల లెక్కలో. నేను చెప్పింది అక్షరాలలో. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు, రెండు లెక్కలూ ఒకటే అవుతాయి. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. అక్క వాక్యం, వెనకాల నంబరుతో సహా, ఒత్తులూ గుణింతాలూ ఖాళీలూ విడివిడిగా లెక్కపెడితే, డెబ్బై ఒకటి. నేను డెబ్బై ఒకటి అని చెప్పాను. సి బుద్ధిమంతుడు. డెబ్బై ఒక్క బైట్లు తీసుకుని మిగతాది పారేశాడు. ఎక్కడ ఆగాడా అని కాగితం మీద లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. "శ్రీ లక్ష్మీ నరసింహస్వామి" దగ్గర, సరిగ్గా అక్కడే ఆగాడు.

అంటే ఆ ఐదుగురి గొంతుల మీద ఉన్న తాళం, ఆర్మూర్‌లో ఏ కిరాణా బిల్లు మీద చూసినా కనిపించే దేవుని పేరు. వెనకాల ఆమె మొక్కుకున్నది ఒక్క అక్షరం కూడా లోపలికి పోలేదు.

ఆరేళ్ళలో ఆ బైండింగ్‌కు నేను రాసిన పరీక్షలు రెండు వందల దాకా ఉంటాయి. ఒక్కొక్కటీ తిరగేశాను. అన్నింట్లోనూ పాస్‌వర్డులు ఇంగ్లీషువే. పెర్కిట్‌లో పుట్టి, తెలుగులో మొక్కి, తెలుగులో తిట్టుకుంటూ బతికేవాడు, తాను రాసిన దాంట్లో ఒక్క తెలుగు ముక్క కొట్టి చూడాలనుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మనకు తెలియకుండానే మనం వేరే దేశం మనిషైపోతాం అని పిల్లలకు పాఠంలో చెప్పొచ్చు. 

దిద్దడానికి ఒక్క మాట మారిస్తే చాలు. మార్చాను. ఇప్పుడు సరిగ్గానే ఉంది. కానీ ఆ మార్పు ఇక ముందు వేసే తాళాలకే పనికొస్తుంది. వేసేసిన తాళం వేసినట్టే ఉంటుంది. అక్క దగ్గర ఫైలు తీసుకుని కొత్తగా తాళం వేసి పాతది చెరిపేస్తే అయిపోయె కదా అనుకుంటూ, గుండె కొంచెం కుదుటపడి, మళ్ళీ ఆమె వాకిట్లోకి పోయాను.

ఆమెకు ఎలా చెప్పాలో దారిలో ఆలోచించుకున్నాను. చాటలో బీడీలు చూస్తే తోచింది.

"అక్కా, డెబ్బయొక్క కట్టలు ఇయ్యాలని డెబ్బయొకటి అన్న. అవతలోడు డెబ్బయొక్క బీడీలు తీస్కొని పోయిండు. మిగిలింది లెక్కల్నే రాలే."

ఆమె చేతులు ఆగాయి. అంత త్వరగా మా కాలేజీలో ఎవరికీ అర్థం కాలేదు ఇప్పటిదాకా.

"అంటె, స్వామి పేరు కొడ్తె తెరుసుకుంటదా?"

"తెలిసినోనికి తెరుసుకుంటది. తెలిసినోడు ఇప్పటికి నేనొక్కన్నే. ఫైలియ్యి, కొత్త తాళమేస్త. పాతది తీసేద్దం."

 తునికాకు ముక్క ఒకటి తీసి, చూసి, మళ్ళీ పెట్టేసింది.

"పాతది తీసుడు కాదు తమ్మి."

"ఎందుకు?"

"గ్రూపుల పెట్టిన."

గల్ఫ్ కుటుంబాల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. పండుగ శుభాకాంక్షలు, విమానం టికెట్ల ముచ్చట్లు, ఎవరో పోయారని చెప్పే ఫొటోలు, అన్నీ అందులోనే. అక్క పాత ఫోన్ ఒకసారి నీళ్ళ బకెట్‌లో పడి ఉన్నవన్నీ పోయాయి. అందుకని ఈసారి వందమంది ఫోన్లలో ఒక్కో కాపీ ఉంటే పోయే భయం ఉండదని, తాళం వేసిన ఫైలును గ్రూపులో పెట్టేసింది. పెట్టి పది రోజులైంది. వెనక్కి తీసుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది.

"గ్రూపుల ఏజెంటు లేడా అక్కా?"

"ఉన్నడు. గ్రూపు పెట్టిందే ఆయన." నా మొహం చూసి గొంతు పెంచింది. "నువ్వేగదా నడిబజార్ల పెట్టినా తెరవడన్నది! పెట్టిన! నీ మాట మీద పెట్టిన!"

నిజమే. నేను అన్నది ఆమె నమ్మింది. నా జీవితంలో నా డాక్యుమెంటేషన్‌ను అంత శ్రద్ధగా పాటించినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఇద్దరం కాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాం. రోడ్డు మీద పసుపు బస్తాల లారీలు పోతున్నాయి, దుమ్ముతో పాటు వాసన వస్తోంది. మేం ఒకరికొకరం ధైర్యం చెప్పుకునే పనిలో ఉన్నాం. ఏజెంటుకు ఆ ఫైలేమిటో తెలియదు, పది రోజులు అడగనివాడు ఇప్పుడేం అడుగుతాడు అని నేనంటే, అవును, ఆయనకు గ్రూపులో పాటలు పెట్టుడే వస్తుంది అని ఆమె అంది. దీపాలు పెట్టే వేళకు ఆమె ఫోన్ టింగుమంది. గ్రూపులో ఏజెంటు రాశాడు.

"చెల్లె, నువ్వు పెట్టిన ఫైల్ ఏంది, ఓపెన్ అయితలేదు."

అక్క నాకు చూపించింది. ఏం రాయాలా అని నేను లెక్కలు వేస్తున్నాను. ఆమె మాత్రం రెండు వేళ్ళతో టకటకా కొట్టేసింది: "పిల్లల స్కూల్ ఫొటోలన్నా, ఖరాబయినయి, తీసెయ్యి." ఆయన జవాబు వెంటనే వచ్చింది. "ఫికర్ చెయ్యకు చెల్లె. మా అల్లుడు హైదరాబాద్ల కంప్యూటర్ పనిల ఉన్నడు. ఆయనకు పంపిన. మంచిగ చేసిస్తడు."

మంచితనమా, అనుమానమా అని ఆ రెండు లైన్లనూ ఎన్నిసార్లు చదివామో. ఫోన్‌లో అక్షరాలకు ముఖం ఉండదు. ఆయనది అసలే నవ్వుముఖం, ఉన్నా తెలిసేది కాదు.

గురువారం పొద్దున కాలేజీలో మొదటి పీరియడ్ ముందు మెయిల్ చూసుకుంటే నాకే ఒక ఉత్తరం. నా బైండింగ్ పేజీలో నా అడ్రస్ ఉంటుంది, ఎవరికైనా అనుమానాలుంటే రాయమని. ఎవరో హైదరాబాద్ నుంచి చాలా మర్యాదైన ఇంగ్లీషులో రాశారు. సార్, మీ ప్రోగ్రాంతో తాళం వేసిన ఫైలు ఒకటి నా దగ్గర ఉంది, ఇంటివాళ్ళు పాస్‌వర్డ్ మర్చిపోయారు, తెరిచే మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు. అల్లుడే, ఫైలు పేరు చివరి ముక్కను బట్టి నా పేజీ పట్టుకున్నాడు. దొంగ నేరుగా బీగాలవాడి కొట్టుకే వచ్చాడు, అది కూడా దండం పెడుతూ వచ్చాడు.

ఇలాంటి ఉత్తరాలకు నా దగ్గర ఎప్పటి నుంచో ఒక తయారు జవాబు ఉంది. పాస్‌వర్డ్ పోతే ఫైలు తెరవడం ఎవరివల్లా కాదు, రాసినవాళ్ళ వల్ల కూడా కాదు, క్షమించండి. ఆరేళ్ళుగా నిజాయితీగా పంపుతున్న జవాబు. ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ పంపాను. నేను ఆడిన మొదటి అబద్ధానికి కొత్తగా టైపు కొట్టే శ్రమ కూడా పడలేదు. "థాంక్యూ సార్, ట్రై చేస్తుంటాను" అని ఆయన రాశాడు. ఆ "ట్రై" నన్ను మూడు పీరియడ్లు పాఠం చెప్పనివ్వలేదు.

అసలు భయం ఇంకోటి ఉంది. ఆ అల్లుడికి ఇంకా దారి తెలియదు. నేను దిద్దిన లైను బయటపెట్టిన క్షణం తెలుస్తుంది. మాది అందరూ చూసే కోడ్, ఏం మార్చామో, ఎందుకు మార్చామో చూపించే పేజీ ఉంటుంది. పాత దాంట్లో పాస్‌వర్డ్ మొదటి మూడోవంతే లెక్కలోకి వచ్చేది అని అందులో చదివితే, మన దిక్కు అల్లుడికి మొదటి మూడోవంతులో ఏముంటుందో చెప్పాల్సిన పని లేదు. వాళ్ళ పెండ్లి కార్డు తీసి చూసుకుంటే చాలు.

అలాగని దాచడం కూడా తప్పే. లైబ్రరీని చూసుకునే ఆయన ఏదో చలిదేశంలో ఉంటాడు. ఆయనకు రాత్రే రాశాను. ఆయన ఉత్తరాల్లో పలకరింపు ఉండదు, సెలవు ఉండదు, విషయం మాత్రం ఉంటుంది. "నీ ఊరి సంగతి అర్థమైంది. కానీ ఇంగ్లీషు కాని భాషలు లోకంలో చాలా ఉన్నాయి. వాళ్ళ తాళాలూ ఇలాగే ఉన్నాయి. ఎప్పుడు విడుదల చేస్తావు?" ఇది రాశాడు. నేను శుక్రవారం సాయంత్రం అన్నాను. "అంతకుమించి కాదు" అని జవాబు. ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు గానీ ఆ రెండు మాటలకు కళ్ళు పైకెత్తి చూసినట్టే అనిపించింది.

శుక్రవారం అని ఎందుకన్నానంటే, అక్క అప్పటికే తేల్చేసింది. "ఫైలును ఆపలేం. మనుషుల్నే ముందుకు జరపాలె" అంది. నేను ఆరేళ్ళ అనుభవంతో ఆలోచించి ఆ ముక్క దగ్గరికి రాలేకపోయాను.

చిక్కేమిటంటే, ఐదుగురూ కలిసి పోవాలనుకున్నది వచ్చే వారం తర్వాతి శుక్రవారం. ఎందుకంటే బావను పది రోజులకని వేరే సైటుకు తీసుకుపోయారు, క్యాంపుకు గంటన్నర దూరం. ఈ శుక్రవారం గేటు దాటగలిగినవాళ్ళు నలుగురే. నలుగురు పోయారని తెలిస్తే ఐదోవాడి పని ఏమవుతుందో అందరికీ తెలుసు. గురువారం మధ్యాహ్నం, అక్కడ తిండి వేళకు, బావ ఫోన్‌లో దొరికాడు. నేను పిల్లలకు ఏదో ప్రాక్టీసు ఇచ్చి పరుగెత్తుకొచ్చాను. అక్క ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"నలుగుర్ని పొమ్మను" అన్నాడు బావ, అంతా విని.

"నువ్వు?"

"నేనేదో ఒకటి చేస్కుంట."

"ఏదో ఒకటంటె ఏంది? ఏం చేస్తవు, ఎగిరొస్తవా?"

"ఏదన్న నొప్పని చెప్త. దవాఖానకు తీస్కపోకపోతె వాళ్లకే తిప్పలు. టౌన్ల దవాఖాన, మన వ్యాను వచ్చే రోడ్డు మీదనే ఉంది."

"నమ్ముతరా?"

"నటిస్త తియ్యి. నీతో పద్దెనిమిదేండ్ల సంసారం చేసిన, నాకు రాదా?"

అక్క నవ్వలేదు. నేను మధ్యలో దూరి, బావా, తప్పు నాది, అని మొదలుపెట్టాను. "తప్పా ఒప్పా తర్వాత సూద్దం తమ్మి. సిగ్నల్ పోతది" అని పెట్టేశాడు.

శుక్రవారం సెలవు పెట్టాను. కారణం దగ్గర "సొంత పని" అని రాశాను, అది సరిపోదని తెలిసినా. ల్యాప్‌టాప్ తీసుకుని అక్క వాకిట్లోకి పోయి కూర్చున్నాను. దిద్దిన లైను సిద్ధంగా ఉంది, పాత తాళాలు కూడా తెరిచి కొత్త తాళం వేసిచ్చే ఏర్పాటు ఉంది. బయటికి పంపే బటన్ ఒక్కటే మిగిలింది. అక్క బీడీలు చుడుతోంది. ఆ రోజు చుట్టినవి ఎన్ని తీసిపారేశారో కంపెనీవాళ్ళకే తెలియాలి. ఆకు సగంలో చిరుగుతోంది, దారం జారుతోంది. వాళ్ళ అత్త లోపలి నుంచి మధ్యమధ్య "తిన్నవా?" అని అడుగుతోంది, ఎవరిని అడుగుతోందో ఎవరికీ తెలియదు.

మూడున్నరకు మొదటి ఫోన్. నలుగురూ వ్యాను ఎక్కారు. నాలుగూ పావుకు రెండోది. నలుగురూ లోపలికి చేరారు, పేర్లు రాసుకున్నారు, నీళ్ళిచ్చారు. బావ? రాలేదు. వ్యాను దవాఖాన దగ్గర పావుగంట ఆగింది, రాలేదు, నలుగురినీ దించి ఆయన కోసం మళ్ళీ పోయింది.

నాలుగున్నర. అక్క చాట పక్కకు పెట్టేసింది. చలిదేశం ఆయన నుంచి ఒక్క లైను ఉత్తరం, "సిద్ధమా?" అని. నేను జవాబు రాయలేదు. ఇప్పుడు నొక్కితే అల్లుడు చదువుతాడు. చదివి తెరుస్తాడు, తెరిచి మామకు చెప్తాడు, మామ ఒక్క ఫోన్ కొడతాడు. నొక్కకపోతే ఇంకెక్కడో, నాకు తెలియని భాషలో, నాకు తెలియని అక్క ఒకామె తాళం అలాగే ఉంటుంది. వేలు బటన్ మీద పెట్టి తీశాను. అక్క చూస్తోంది.

"అది నొక్కుతె ఏమైతది?"

"అందరికి తెలుస్తదక్కా."

"మరి నొక్కకు."

"నొక్కకపోతె వేరేవాళ్లకు కష్టం."

 "ఐదింటిదాక ఆగు" అంది. నేను ఆయనకు ఇచ్చిన గడువూ దాదాపు అదే. ఇద్దరం గోడ గడియారం వైపు చూడకుండా కూర్చున్నాం. చూడకుండా కూర్చోవడం చూడడం కంటే కష్టం.

ఐదుకు నాలుగు నిమిషాలుండగా ఫోన్ మోగింది, తెలియని నంబరు. స్పీకర్‌లో వచ్చిన గొంతు బావది కాదు. నోట్లో ఏదో కుక్కుకుని మాట్లాడుతున్న మనిషిది.

"ఎవలు?" అంది అక్క.

"నేనేనే."

"గొంతు గట్లున్నదేంది? కొట్టిండ్రా? నిజం చెప్పు, కొట్టిండ్రా?"

"కొట్టలే. పన్ను పీకిండ్రు."

కథ ముక్కలు ముక్కలుగా వచ్చింది, మధ్యలో ఉమ్ముకోవడం కోసం ఆగుతూ. పన్ను నొప్పి అని చెప్తే సైటువాళ్ళు దవాఖానకు తీసుకుపోయారు. కానీ ఫోర్‌మన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, కదల్లేదు. డాక్టరు ఏ పన్ను అని అడిగాడు. ఏదో ఒకటి చూపించాలి కదా, వెనకాల ఉన్న ఒకదాన్ని చూపించాడు. డాక్టరు అలా ఇలా కొట్టి చూసి, ఫోర్‌మన్ వైపు చూసి, పీకేశాడు. రక్తం చూశాక ఫోర్‌మన్‌కు నమ్మకం కుదిరి మందుల కోసం కిందికి దిగాడు. బావ ఇంకో మెట్ల దారిన దిగాడు. మూడోసారి చుట్టు తిరిగొచ్చిన వ్యాను ఎదురుగా కనిపిస్తే ఎక్కేశాడు, ఇప్పుడు ఆశ్రయం లోపలి నుంచే మాట్లాడుతున్నాడు.

"బాగున్న పన్నా?" అంది అక్క.

"నిన్న దాక బొక్కలు కొరికిన పన్ను."

"వేరే నొప్పి ఏదన్న చెప్పరాదా నీకు!"

"కడుపునొప్పి అందామనుకున్న. కోస్తరేమోనని భయమైంది."

అక్క నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆ కొంగు చాలాసేపు అక్కడే ఉంది. లోపలి నుంచి అత్త వచ్చి, ఏమైందో అడగకుండానే తానూ ఏడవడం మొదలుపెట్టింది. ఫోన్ నా చేతికొచ్చింది.

"బావా," అన్నాను. 

"ఫికర్ చెయ్యకు తమ్మి. ఇంక ముప్పయొకటి ఉన్నయి."

ఏజెంటు అల్లుడు ఆ ఫైలు తెరిచాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ రాయలేదు. ఏజెంటు గ్రూపులో ఇప్పటికీ పాటలు పెడుతూనే ఉన్నాడు, కాస్త తక్కువగా. బావావాళ్ళు ఇంకా రాలేదు. కాగితాలు నడుస్తున్నాయి, వాళ్ళు ఆ ఆశ్రయంలోనే ఉన్నారు. మూసిన తలుపు వెనక, ఏజెంటుకు అందకుండా ఉన్నారు, అంతవరకు నిజం. అక్క రోజూ పొద్దున ఫోన్ చేసి ముందు పన్ను ఎట్లుందని అడుగుతుంది.

ఆ సాయంత్రం ఐదు దాటి రెండు నిమిషాలకు, అక్క వాకిట్లో కూర్చునే బటన్ నొక్కాను. విడుదల చేసేటప్పుడు ఏం మారిందో క్లుప్తంగా రాయాలి, అది మాకు ఆనవాయితీ. ఇంగ్లీషు కాని భాషల్లో పాస్‌వర్డ్ పొడుగును తప్పుగా లెక్కపెట్టడం సరిచేశాను, పాత ఫైళ్ళకు వెంటనే కొత్త తాళం వేసుకోండి, అని రాశాను. దాని కింద, ఈ లోపం వల్ల ఎవరికైనా నష్టం జరిగినట్టు తెలిస్తే రాయమని ఒక గడి ఉంటుంది. దాని ముందు కొంచెంసేపు కూర్చున్నాను. ఒక పన్ను, అని రాయడానికి వేళ్ళు రాలేదు. ఖాళీగానే వదిలేసి పంపాను.